ఆ పచ్చిక ఎవరి కష్టం?

సినిమా పాటల్లో ఈ దృశ్యం మీరు చూసే ఉంటారు. వెనకాల తెల్లటి మంచుకొండ. దాని కింద చిక్కటి అడవి. అడవి కింద దువ్వి పెట్టినట్టున్న పచ్చిక. ఆ పచ్చిక మీద అక్కడక్కడా నల్లబడిన చెక్క ఇళ్ళు, మెడలో గంటలు కట్టిన ఆవులు. నాయికా నాయకులు పరుగెత్తుకుంటూ వచ్చి ఆ గడ్డిలో పాడతారు. అది స్విట్జర్లాండ్ అనీ, ఆ కొండలు ఆల్ప్స్ పర్వతాలనీ మీలో చాలామందికి తెలుసు. "ఆహా, ప్రకృతి ఎంత అందంగా ఉందో!" అనుకుంటాం.

మంచుకొండ ప్రకృతి చేసిందే, సందేహం లేదు. మరి ఆ పచ్చిక? దాన్ని చాలావరకు మనుషులు చేశారు. వందల ఏళ్ళ పాటు కొడవళ్ళతో, పారలతో, పేడ తట్టలతో చేశారు. ఇప్పటికీ ప్రతి ఏడూ చేస్తున్నారు. చేయడం మానేస్తే కొన్నేళ్ళకే అది మాయమైపోతుంది.

అందువల్ల నా అభిప్రాయం ఇది: అటువంటి లోయను కాపాడాలంటే కాపాడవలసింది దాని బొమ్మను కాదు, ఆ బొమ్మ వెనక ఉన్న పనిని. అదెలాగో చూద్దాం.

అడవిని ఆపింది ఎవరు?

కొండ ఎక్కేకొద్దీ చలి పెరుగుతుంది. 1000 మీటర్లు పైకి పోతే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీల సెంటీగ్రేడు తగ్గుతుంది. స్విట్జర్లాండ్ దక్షిణాన ఉన్న వాలే రాష్ట్రంలో దాదాపు 2200 మీటర్ల ఎత్తు దాటితే చెట్లు పెరగలేవు. అక్కడ గడ్డీ, చిన్న చిన్న పొదలూ మాత్రమే బతుకుతాయి. ఆ గడ్డి నిజంగా ప్రకృతిదే.

మరి అంతకు దిగువన? అక్కడ చెట్లకు కావలసిన వెచ్చదనం ఉంది. కొండవాలును దాని మానాన వదిలేస్తే లార్చ్, స్ప్రూస్ వంటి చెట్లు కమ్ముకుంటాయి. కాని చాలాచోట్ల అడవి లేదు, గడ్డి ఉంది. ఎందుకంటే ఒకనాడు మనుషులు చెట్లు నరికారు. ఆ తరువాత ఏటా గడ్డి కోస్తూ, పశువులను మేపుతూ, కొత్తగా మొలిచే చెట్టును మొలకలోనే ఆపుతున్నారు.

గడ్డి కోయడం వల్ల ఇంకొక చిత్రం జరుగుతుంది. ఏటా ఒకటి రెండుసార్లు అన్నిటినీ సమానంగా కోసేస్తే, ఏ ఒక్క మొక్కా మిగతావాటి నెత్తిన పెరిగి ఎండ తగలకుండా చేయలేదు. బలమైనదీ బలహీనమైనదీ పక్కపక్కనే బతుకుతాయి. అందుకే అక్కడి పాత గడ్డినేలల్లో కొన్ని చదరపు మీటర్ల జాగాలోనే పదుల రకాల మొక్కలు కనిపిస్తాయి. వాటిని నమ్ముకుని సీతాకోకచిలుకలు, తేనెటీగలు, మిడతలు ఉంటాయి. ఆ పూల రంగులన్నీ కొడవలి పుణ్యమే!

మెట్లమీద కాపురం

ఉదాహరణకు ఒక ఊరు తీసుకుందాం. వాలే రాష్ట్రంలో ఫిస్పా అనే నది ఉంది. ఆ లోయ పైకంటా పోతే 4478 మీటర్ల ఎత్తున్న ప్రసిద్ధ శిఖరం మాటర్‌హార్న్ వస్తుంది. దారిలో, కొండవాలు మీద, దాదాపు 1500 మీటర్ల ఎత్తున టోర్బెల్ అనే చిన్న ఊరు ఉంది.

అటువంటి ఊళ్ళలో రైతు పొలం ఒకేచోట ఉండదు, మెట్లుమెట్లుగా ఉంటుంది. లోయ అడుగున ద్రాక్షతోట. ఊరి చుట్టూ రై ధాన్యం పండే చిన్న చిన్న చెక్కలు, ఎండుగడ్డి కోసం ఉంచిన నేలలు. ఆ పైన అడవి. అన్నిటికన్నా పైన వేసవి మేత భూములు. ఆ మేత భూమినే అక్కడివాళ్ళు 'ఆల్ప్' అంటారు.

మంచు కింద ముందుగా కరుగుతుంది, పైన ఆలస్యంగా కరుగుతుంది. అంటే లేతగడ్డి కూడా కిందినుంచి పైకి మెల్లగా ఎక్కుతూ పోతుంది. ఆవులు దాని వెనకే ఎక్కుతాయి. జూన్‌లో పై మేతకు చేరతాయి, సెప్టెంబరులో దిగివస్తాయి. పైన ఉన్నంత కాలం పాలను కిందికి మోసుకురావడం కష్టం కనుక అక్కడే చీజ్ చేస్తారు. వంద కిలోల పాలను పది కిలోల చీజ్‌గా మారిస్తే మోత బరువు తగ్గుతుంది, నెలల తరబడి నిలవా ఉంటుంది.

ఆవులు పైన ఉన్న రోజుల్లో ఇంటివాళ్ళు ఊరి దగ్గర గడ్డి కోసి, ఎండబెట్టి, కొట్టాల్లో నింపుతారు. అది చలికాలానికి. ఇదే ఈ కథకు కీలకం.

ఒక్క వాక్యంలో ఒక శాస్త్రం

పై మేత భూమి ఏ ఒక్కరిదీ కాదు, ఊరందరిదీ. అందరిదీ అయినప్పుడు ఏమవుతుంది? 'ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది' అని మనవాళ్ళు సామెత చెబుతారు. అమెరికా శాస్త్రజ్ఞుడు గారెట్ హార్డిన్ 1968లో 'సైన్స్' పత్రికలో రాసిన వ్యాసంలో ఇదే మాట అన్నాడు. ఉమ్మడి మేతలో ప్రతివాడూ "ఇంకొక ఆవును తోలితే నాకు లాభం" అనుకుంటాడు. లాభం ఒక్కడిది, నష్టం అందరిది. చివరికి మేతభూమి మొత్తం నాశనమవుతుంది అని ఆయన వాదన.

టోర్బెల్ రైతులు ఈ చిక్కును హార్డిన్‌కు 450 ఏళ్ళ ముందే విప్పారు! 1483లో ఊరివాళ్ళు సంఘంగా చేరి మేత భూమినీ, అడవినీ, బంజరునూ ఎలా వాడుకోవాలో రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. 1517లో ఒక నియమం రాసుకున్నారు. దాని సారాంశం ఇదీ: చలికాలమంతా సొంత గడ్డితో ఎన్ని ఆవులను సాకగలవో, వేసవిలో ఉమ్మడి మేతకు అన్ని ఆవులనే తోలాలి, అంతకు మించి తోలకూడదు.

ఎంత చిన్న నియమమో చూశారా? కాని దాని లోపల ఎంత లెక్క ఉందో మీరే వేసి చూడండి. ఒక ఆవుకు రోజుకు 12 కిలోల ఎండుగడ్డి కావాలనుకుందాం. మంచు ఉండేది 200 రోజులనుకుందాం. 12 ను 200 తో హెచ్చిస్తే 2400 కిలోలు. అంటే ఒక్క ఆవు కోసం దాదాపు రెండున్నర టన్నుల గడ్డి కోసి, ఎండబెట్టి, వీపున మోసి దాచాలి. రెండో ఆవు కావాలంటే మళ్ళీ అంత గడ్డి, అంత నేల, అంత చాకిరీ. నోటితో "నాకు పది ఆవులున్నాయి" అంటే చెల్లదు. కొట్టంలో గడ్డి చూపించాలి. వేసవిలో ఇతర ఊళ్ళ నుంచి ఆవులను కొనుక్కొచ్చి, ఉమ్మడి గడ్డి మేపి, శీతాకాలానికి అమ్మేద్దామనుకునే తెలివైనవాడికి కూడా దారి మూసుకుపోయింది.

జీవశాస్త్రంలో మీరు ఒక సూత్రం చదువుతారు: మొక్క ఎదుగుదలను నిర్ణయించేది ఎక్కువగా ఉన్న పోషకం కాదు, అన్నిటికన్నా తక్కువగా ఉన్న పోషకం. ఆ ఊరి నియమం కూడా అటువంటిదే. ఆ లోయలో అన్నిటికన్నా కొరతగా ఉన్నది శీతాకాలపు గడ్డి. దాన్నే కొలబద్దగా పెట్టుకున్నారు.

నియమం రాసుకుంటే చాలదు, పాటించాలి. దాన్ని మీరినవాళ్ళకు ఊరి అధికారి జరిమానా వేసేవాడు. జరిమానాలో సగం ఆయనకే దక్కేది. ఇక ఆయన నిద్రపోతాడా! ఎవరి ఆవులు ఎన్నో, మేత భూమి బాగుచేయడానికి వారు అంత పని చేయాలి: రాళ్ళు ఏరాలి, పేడ చల్లాలి, మంచు చరియలు తెచ్చిపడేసిన చెత్త ఎత్తాలి. అడవి సంగతి కూడా ఇంతే. ఏ చెట్లు కొట్టవచ్చో ముందుగా గుర్తు పెడతారు. కొట్టిన కలపను సమానమైన పోగులుగా పేరుస్తారు. తరువాత ఎవరికి ఏ పోగో చీట్లు వేసి తేలుస్తారు. ఏ పోగు తనకు వస్తుందో తెలియదు కనుక పేర్చేవాడు అన్నీ సమానంగానే పేరుస్తాడు.

అమెరికా మానవశాస్త్రజ్ఞుడు రాబర్ట్ నెటింగ్ ఈ ఊళ్ళో ఉండి పరిశోధన చేసి, 1981లో పుస్తకం ప్రచురించాడు. ఎలినార్ ఆస్ట్రమ్ అనే విదుషి 1990లో వెలువడిన తన గ్రంథంలో టోర్బెల్‌ను ముఖ్యమైన ఉదాహరణగా తీసుకుంది. ఉమ్మడి ఆస్తి పాడుకావడం విధిరాత కాదనీ, జనం కూర్చుని తగిన నియమాలు చేసుకుంటే శతాబ్దాలపాటు నిలబెట్టుకోగలరనీ ఆమె నిరూపించింది. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ శాస్త్రంలో ఆ బహుమతి పొందిన మొదటి మహిళ ఆమే.

ఇక హార్డిన్ సంగతేమిటి? ఆయన వర్ణించింది నియమాలు లేని ఉమ్మడిని. టోర్బెల్‌లో ఉన్నది నియమాలున్న ఉమ్మడి. రెండింటికీ చాలా దూరం.

చప్పుడు ఆగితే ప్రమాదం

ఆల్ప్స్ అంటే ఎప్పుడూ వానలూ మంచూ అనుకుంటాం. కాని వాలే లోయ అడుగున ఏడాదికి పడే వర్షం సుమారు 600 మిల్లీమీటర్లే. అనంతపురం వైపు వాన తక్కువ ఎందుకో భూగోళంలో చదివారుకదా, పడమటి కనుమలు మేఘాలను ముందే పిండేస్తాయని! ఇక్కడా అంతే. ఉత్తరాన, దక్షిణాన ఉన్న ఎత్తయిన శ్రేణులు వాన మేఘాలను అడ్డగిస్తాయి.

కనుక రైతులు పైనున్న మంచు కరిగిన నీటిని కాలువల ద్వారా తెచ్చుకున్నారు. ఈ కాలువలను జర్మన్ మాట్లాడేవారు 'సుఓనెన్' అనీ, ఫ్రెంచి మాట్లాడేవారు 'బీస్' అనీ అంటారు. కొన్నిచోట్ల దారిలో నిటారు కొండగోడ అడ్డం వస్తుంది. అక్కడ గోడలోకి దుంగలు దిగగొట్టి, వాటి మీద చెక్క దోనెలు పరిచి, గాలిలో నీటిని నడిపించారు. అదే రాష్ట్రంలో అయాన్ గ్రామానికి నీళ్ళు తెచ్చే కాలువ 1442 నాటిది. 2019లో విడుదలైన స్విట్జర్లాండ్ వంద ఫ్రాంకుల నోటు మీద దాని బొమ్మ ముద్రించారు.

కాలువ ఎక్కడైనా తెగితే ఊరికి ఎలా తెలుస్తుంది? టెలిఫోన్లు లేని రోజులవి. కాలువలో ఒక చిన్న నీటి చక్రం పెట్టారు. చక్రం తిరుగుతుంటే ఒక చెక్క సుత్తి పలక మీద టక్, టక్ అని కొడుతూ ఉంటుంది. కాపలాదారు ఆ చప్పుడు వింటూ ఉంటాడు. చప్పుడు ఆగిందంటే నీరు ఆగిందన్నమాట, వెంటనే పరుగు! ఏ చదువూ చదవని మనిషి కూడా ప్రమాదాన్ని పసికట్టగల యంత్రం ఇది.

ఎవరికి ఎన్ని గంటల నీరో చెక్క పుల్లల మీద గాట్లు పెట్టి గుర్తుంచుకునేవారు. చదవడం రానివాడిని కూడా ఆ లెక్కలో ఎవరూ మోసగించలేరు.

ధాన్యపు గాదెలను చూసినా ఇదే తెలివి. గాదెను నేలమీద కట్టరు, పొట్టి కాళ్ళమీద నిలబెడతారు. ప్రతి కాలి మీదా వెడల్పయిన గుండ్రటి రాతిపలక ఉంటుంది. కాలు పట్టుకుని ఎగబాకిన ఎలుక రాతి అంచు దగ్గర తలకిందులుగా నడవలేక కింద పడుతుంది. మందు లేదు, బోను లేదు. ఎలుకను ఓడించింది ఆకారం మాత్రమే.

అది స్వర్గమేమీ కాదు

ఇదంతా విని ఆ పాత కాలం ఎంతో హాయిగా ఉండేదనుకోకండి. పొలాలు చిన్న చిన్న ముక్కలు. నిటారు వాలుల మీద పిల్లలూ ఆడవాళ్ళూ కూడా గడ్డి మోపులు మోయాలి. ఆ ఊరి ఉమ్మడిలో బయటివాడికి చోటు లేదు. అక్కడ భూమి కొనుక్కున్నా ఉమ్మడి హక్కు వచ్చేది కాదు. బతకలేక వలసపోయినవారూ ఉన్నారు. లోయలోకి ఫ్యాక్టరీలు, రైళ్ళు, రోడ్లు వచ్చాక యువకులు జీతాలకు వెళ్ళారు. వాళ్ళను తప్పుపట్టగలమా? నేను పట్టను. పూర్వీకుల చాకిరీ అంతా మళ్ళీ చేయమని మనుమలను ఎవరూ శాసించకూడదు.

కాని పని ఆగితే జరిగేది జరుగుతూనే ఉంటుంది. కోయని గడ్డి పొడుగ్గా పెరిగి, చలికాలంలో నేలకు వాలిపోతుంది. దాని మీద పడిన మంచు జారుడుబల్ల మీద లాగా జారుతుంది. కొన్నిచోట్ల ఆల్డర్ పొదలు వస్తాయి. చిక్కుడుజాతి మొక్కల్లో లాగే ఈ పొదల వేళ్ళలోనూ గాలిలోని నత్రజనిని పట్టి నేలకిచ్చే సూక్ష్మజీవులు ఉంటాయి. నేల సారం పెరిగితే మంచిదేకదా అంటారేమో! పెరిగిన సారాన్ని రెండు మూడు బలమైన మొక్కలు కాజేస్తాయి. సన్నటి పూలమొక్కలు వాటి నీడలో నశిస్తాయి.

"అడవి తిరిగి రావడం మంచిదేగా?" అని కొందరు అడుగుతారు. ఇది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. ఊరికి పైన ఉన్న అడవి మంచు చరియలను ఆపుతుంది. అడవులు విచ్చలవిడిగా నరికిన పాపం వరదలుగా చుట్టుకుంటుందని అక్కడివారు గ్రహించారు. 1868 వరదల అనంతరం, 1876లో కొండ అడవులను కాపాడే చట్టం తెచ్చారు. అడవి ఉండవలసిన చోట ఉండాలి. కాని గడ్డినేల ఒక్కటీ మిగలకుండా అంతా అడవే అయితే లోయలో జీవుల రకాలు పెరగవు, తరుగుతాయి.

మరికొందరు "పాత ఇళ్ళను అలాగే ఉంచి, యాత్రికులకు చూపిస్తే సరి" అంటారు. నాకిది నచ్చదు. గడ్డి లేని కొట్టం, ధాన్యం లేని గాదె ఉత్త చెక్క పెట్టెలు. ఆల్ప్స్ ఊళ్ళలో పట్నవాసులు సెలవుల కోసం ఇళ్ళు కొనుక్కుని, ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసి ఉంచడం పెరిగింది. చివరకు 2012లో స్విస్ ప్రజలు ఓటు వేసి, ఏ ఊళ్ళోనూ ఇటువంటి ఇళ్ళు నూటికి 20 మించకూడదని నిర్ణయించారు. తాళం వేసిన ఇల్లు గడ్డి కోయదుకదా!

కొండ కదిలినప్పుడు

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. టోర్బెల్ ఉన్న వాలే రాష్ట్రంలోనే, రోన్ నదికి ఉత్తరాన లోచెంటాల్ అనే లోయ ఉంది. దాని చివర బ్లాటెన్ అనే ఊరు. 2025 మే నెలలో ఊరి పైనున్న శిఖరం నుంచి బండలు విరిగి, కిందనున్న బిర్చ్ హిమానీనదం మీద పడసాగాయి. ఆ బరువుకు మే 28న హిమానీనదం కూలి, మంచూ రాళ్ళూ మట్టీ కలిసి ఊరిని దాదాపు పూర్తిగా పూడ్చేశాయి. కొండను నిత్యం కనిపెడుతున్న నిపుణుల హెచ్చరికతో, అంతకు కొద్ది రోజుల ముందే సుమారు 300 మందిని, పశువులను కూడా, ఖాళీ చేయించారు. లేకపోతే ఏమయ్యేదో ఊహించండి. అయినా ఒక మనిషి ప్రాణం పోయింది.

భూమి వేడెక్కుతున్నకొద్దీ ఎత్తయిన శిఖరాల్లో బండలను అతికిపట్టుకున్న గడ్డకట్టిన నీరు కరిగి, రాళ్ళు పట్టు సడలుతున్నాయి. హిమానీనదాలు తరుగుతున్నాయి, 2022, 2023 ఈ రెండేళ్ళలోనే స్విట్జర్లాండ్ హిమానీనదాలు తమ పరిమాణంలో నూటికి 10 వంతులు కోల్పోయాయి. వాటి నీటితో బతికే కాలువల భవిష్యత్తేమిటి? "ఇంత ఖర్చుపెట్టి ఆ ఊళ్ళలో మనుషులను ఉంచడం ఎందుకు? అందరూ పట్నాలకు దిగిరావచ్చుకదా, చీజ్ ఎక్కడైనా దొరుకుతుంది!" అనే మాట ఇప్పుడు అక్కడ గట్టిగా వినిపిస్తోంది.

ప్రమాదం ఖాయమని తేలిన చోట ఇల్లు కట్టకూడదు, నిజమే. కాని ఒక ఊరికి వచ్చిన ఆపదను చూపి అన్ని లోయలనూ వదిలేయమనడం న్యాయం కాదు. అంగట్లో చీజ్ ధర చూసేవాడు చీజ్ ఒక్కదాన్నే చూస్తున్నాడు. ఆ ధరలో పూలు లేవు, సీతాకోకచిలుకలు లేవు, జారిపోకుండా ఆగిన మంచు లేదు, పారే కాలువ లేదు. గడ్డి కోసే మనిషి వీటన్నిటినీ ఇస్తున్నాడు. కూలి మాత్రం ఒక్క చీజ్‌కే దక్కుతోంది. మిగిలిన పనికి కూలి ఇవ్వవలసింది ఎవరు? దానివల్ల మేలు పొందే అందరూ. 1996లో స్విస్ ప్రజలు ఓటు వేసి ఈ ఆలోచనను తమ రాజ్యాంగంలో చేర్చారు: వ్యవసాయం పని తిండి పండించడమే కాదు, నేల రూపాన్ని కాపాడడం కూడా. నిటారు వాలు మీద గడ్డి కోసినందుకు, వేసవిలో పశువులను పై మేతకు తోలినందుకు అక్కడి ప్రభుత్వం రైతుకు డబ్బు చెల్లిస్తుంది. ఇది దానం కాదు, చేసిన పనికి కూలి. నా దృష్టిలో ఇదే సరైన దారి. 2023లో యునెస్కో సంస్థ స్విస్ వేసవి మేత సంప్రదాయాన్నీ, సంప్రదాయ నీటిపారుదల పద్ధతినీ మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. గమనించండి, ఆ జాబితాలో చేర్చింది కొండనో కట్టడాన్నో కాదు, పనినీ దాన్ని చేసే తెలివినీ!

యంత్రంతో గడ్డి కోసినా ఫరవాలేదు, కాలువకు ఇనుప గొట్టం వేసినా ఫరవాలేదు. పనిముట్టు మారవచ్చు. మారకూడనిది ఒక్కటే: మోయగలిగినంతే మోపాలి, వాడుకున్నవాడు బాగుచేయాలి అనే ఒప్పందం.

ఈ ఒప్పందం ఆల్ప్స్ సొంతమేమీ కాదు. తెలంగాణ, రాయలసీమ ఊళ్ళలో చెరువు నీళ్ళను పొలాలకు వంతులవారీగా వదిలే మనిషి ఉండేవాడు. కొన్నిచోట్ల నీరటి అనీ, కొన్నిచోట్ల నీరుగంటి అనీ పిలిచేవారు. మీ ఊరికి చెరువు ఉంటే ఒకసారి పెద్దవాళ్ళను అడగండి: తూము ఎవరు తీసేవారు? కరువు ఏడు ఎవరికి ఎంత నీరు? పూడిక ఎవరు తీసేవారు? వాళ్ళు చెప్పింది నోటు పుస్తకంలో రాసుకోండి. చెరువు బొమ్మ గీయడం సులువే. దాన్ని నిలబెట్టిన నియమాలు మాత్రం చెప్పేవాళ్ళు ఉన్నప్పుడే దొరుకుతాయి.